బండి నిలుపు చోటు

మా యింటికి శుభలేఖ వచ్చినచో పూర్వము మా తండ్రిగారు ముహూర్తము చూచెడివారు; మా తల్లి పెండ్లికూతు రెవరి పిల్లయని యడిగెడిది. ఇప్పుడు శుభలేఖ చేతికి వచ్చినతోడనే నేనును నా భార్యయు వెదకునది కల్యాణమండపము పేరు. ఆ పేరు చదివి యొకరి ముఖ మొకరు చూచుకొందుము. "అక్కడ బండి పెట్టుకోవడానికి చోటుందా?" అనునది మా మొదటి ప్రశ్న. చోటు లేదని తెలిసినచో నెంతటి శుభముహూర్తమైనను మాకది దుర్ముహూర్తమే. దగ్గఱి బంధువుల పెండ్లికి పోక, మఱునాడు తీరికగా వారి యింటికి బోయి యక్షతలు వేసి వచ్చిన సందర్భములును గలవు. కారణ మడిగినవారికి జ్వరమని చెప్పితిమి. బండి నిలుపుటకు చోటు లేదని బంధుత్వము మానుకొంటి మని చెప్పుటకు సిగ్గుపడితిమి.

ఈ భయమునకు మన భాషలో పేరు లేదు. మన పెద్దలకు ప్రయాణభయములు లేకపోలేదు. దొంగల భయ ముండెను, ఏటి వరదల భయ ముండెను, పిల్లి యెదురగు భయమును గలదు. కాని యా భయము లన్నియు దారిలోనివి. ఊరు చేరినతోడనే తీరిపోవునవి. మా భయ మట్టిది కాదు. దారి యంతయు సుఖముగా గడచి, చేరవలసిన గుమ్మము కంటి కెదుట కనబడినప్పుడే యిది మొదలగును.

నేను గోదావరి డెల్టాలోని యొక పల్లెటూర బుట్టినవాడను. నా చిన్ననాట మాకు రెండెడ్ల బండి యుండెను. సంతకు బోయినప్పుడు మా తండ్రిగారు మామిడితోపులో కాడి దించి, యెడ్లను విప్పి, వాని ముందు గడ్డి వేసి, నన్ను భుజముమీద నెక్కించుకొని నడచెడివారు. బండికి చోటు వెదకుట యను మాట నే నా దినములలో వినలేదు. తోపు పెద్దది, బండ్లు కొన్ని. కాని మా యూర నొక బందెలదొడ్డి యుండెను. ఒకరి పశువు మఱియొకరి చేనిలో బడినచో దానిని తోలుకొనిపోయి యందులో గట్టివేయుదురు. యజమాని రుసుము చెల్లించి విడిపించుకొని పోవలెను. దీనికై 1871లోనే యొక చట్ట మేర్పడినది. నేడు నగరములో పోలీసువారి క్రేను వచ్చి యొకరి కారును ముందుకాళ్లు పైకెత్తిన యెద్దును వలె నీడ్చుకొని పోవుచుండగా జూచినప్పుడు నాకా బందెలదొడ్డియే జ్ఞప్తికి వచ్చును. భేద మొక్కటే. నాడు పరుల చేను మేసినది పశువు, దానికి తెలియదు. నేడు మేయుచున్నది మనము; మనకు తెలియును.

ఉపాధ్యాయవృత్తిలో హైదరాబాదునకు వచ్చి యిరువదియేండ్లు దాటినది. ఈ నగరమున దిరుగు విధములన్నియు నే నెఱుగుదును. మొదట సిటీబస్సు. ఇక్కడ నిజాము ప్రభుత్వపు రైల్వేశాఖవారు 1932లో నిరువదియేడు బండ్లతో బస్సులు నడుప నారంభించిరని చదివితిని. నేను వచ్చునాటికి వాని సంఖ్య వేలకు మీరినను, ఉదయము తొమ్మిదిగంటలకు నా కొఱకు మాత్ర మొక మెట్టంచే మిగిలియుండెడిది. బస్సు భయము వేఱు: వచ్చునో రాదో, వచ్చినను నిలుచునో నిలువదో, నిలిచినను కాలూనుటకు దొరకునో లేదో. తరువాత స్కూటరు కొంటిని. దాని భయము గుంటలది, వర్షమున మూతలేని మ్యాన్‌హోలుది, వెనుక గూర్చున్న భార్య చీరచెఱగుది. ఆటో యెక్కిన దినమున బేరము భయము. కాలినడక కన్నిటికంటె నెక్కువ భయము. ఏలయన కాలిబాట యనునది పది బారలున్నచోట నున్నట్లుండి యంతలో దుకాణములోనికో, ట్రాన్స్‌ఫార్మరులోనికో యంతర్ధానమగును. 2003లో నారంభమైన ఎంఎంటీఎస్ రైళ్లును, 2017లో నారంభమైన మెట్రోయు కొంత యూఱట నిచ్చినవి. 2020లో మెట్రో మా చిక్కడపల్లి, నారాయణగూడల మీదుగా మహాత్మాగాంధీ బస్‌స్టేషను దనుక వచ్చినది. దానిలో గూర్చున్నంతసేపు సుఖమే. దిగిన పిమ్మట నిల్లు చేరు మిగిలిన మైలుదూరమే కష్టము.

ఈ కష్టము లన్నిటికిని కారు విరుగుడని నమ్మితిని. ఒక్క మాట మాత్రము నా పక్షమున జెప్పుకొనవలెను. దర్పమునకై కొనలేదు. మా తండ్రిగారికి గుండెజబ్బు వచ్చెను, మోకాళ్లు పట్టుదప్పెను, చెవులును మందగించెను. నెలకొకమాఱు వైద్యునికి జూపవలెను. ఆయనను బస్సుమెట్టు మీదికి లాగునప్పుడు వెనుకనుండి కండక్టరు తొందరచేయుట చూడలేక, 2022లో నొక పాత కారు కొంటిని. కొనుటకు ముందు దాని వయ స్సడిగితిని, లీటరుకెంత దూరము పోవునో యడిగితిని, భీమా పత్రములు చదివితిని, ఇంజను శబ్దము మేస్త్రీచేత వినిపించితిని. దానిని రాత్రి యెక్కడ నుంచుదునని మాత్ర మెవరు నన్నడుగలేదు. నన్ను నే నడుగుకొనలేదు. ఇంటిలో నేనుగును గట్టదలచినవాడు ముందు గుమ్మమెత్తు చూచుకొనునట లోకజ్ఞానము. నే నా పాటి వివేకమును జూపలేకపోతిని.

మేముండు నాలుగంతస్తుల భవనములో క్రింద బండ్లకున్న చోట్లు సొంతదారులవి. అద్దెవారము గనుక మాకు వీథియే గతి. వీథిలో నొక న్యాయ మున్నది. అది యే చట్టములోను వ్రాయబడలేదు. ఎవరి గుమ్మము ముందరి రోడ్డు వారిది. దాని కానవాళ్లుగా నొకరు రాళ్లు పెట్టుదురు, ఒకరు విఱిగిన కుర్చీ పెట్టుదురు, ఒకరు తులసికుండీయే పెట్టుదురు. సాయంకాలము నాకు చోటు దొరకినచో నా రాత్రి మేము కదలము. ఒక యాదివారము పిల్లలు ట్యాంక్‌బండునకు పోదమని యేడ్చిరి. "ఇప్పుడు తీస్తే మళ్లీ చోటు దొరకదు" అంటిని. కదలుటకై కొన్న బండి కదలకుండుటకు కారణమైనది! అర్ధరాత్రి లేచి బాల్కనీనుండి వంగి చూచెడివాడను: గీతలు పడినవా, గాలి తీసిరా, అద్దము విఱిచిరా? పదునైదేండ్లుగా నమస్కారము చేయుచున్న యెదురింటివారితో నాకు మాటలు పోయినవి. కారణము మూడడుగుల తారు.

ఇవన్నియు నవ్వుకొని మఱచుటకు దగినవే. మఱవరాని దినములు రెండు గలవు.

మొదటిది ఆసుపత్రి దినము. మా తండ్రిగారిని వైద్యశాల గేటుకడ దింపి, "లోపల కూర్చోండి నాన్నగారూ, బండి పెట్టి వస్తాను" అని చెప్పితిని. కాపలావాడు, "నిండిపోయింది సార్, ముందుకు పొండి" అనెను. ముందుకు పోతిని. మొదటి సందులో బండ్లు రెండు వరుసలు. రెండవ సందులో నొక దుకాణదారు కర్ర యూపెను. మూడవ సందునుండి వెనుకకు దీయుటకు పావుగంట పట్టినది. నా వెనుక హారన్లు, నా నుదుట చెమట, గుండెలో దడ. ఇట్లు మొత్తము నలువది నిమిషములు తిరిగి, దూరమున నొక గోడప్రక్క కారు విడిచి, పరుగున వచ్చితిని. ఆయన కుర్చీలో గూర్చుండి, చేతిలో చీటీ నలుపుచు, ద్వారమువంక జూచుచుండిరి. ఆయన పేరు రెండుమాఱులు పిలిచిరట. వినబడలేదు. వైద్యుడు వేఱు పనిమీద వెడలిపోయెను. మఱల రెండుగంటలు గూర్చుంటిమి. నేను కాపలావానిని, నగరపాలకులను, ఎదుట వచ్చిన ప్రతి బండివానిని తిట్టితిని. మా తండ్రిగా రంతయు విని, మెల్లగా నిట్లనిరి: "బస్సులో వచ్చిన రోజుల్లో నువ్వు నా పక్కనే ఉండేవాడివి నాయనా. కారు కొన్నాక గేటు దగ్గర దింపేసి పోతున్నావు."

ఆయన నిష్ఠురముగా ననలేదు. ఉన్నమాట యనిరి. ఆయన కొఱకు గొన్న బండియే యాయన ప్రక్కనుండి నన్ను దీసికొని పోయినది.

రెండవ దినము మా పాఠశాలలోనిది. ఏడవ తరగతివారికి "నేను బడికి వచ్చు దారి" యని వ్యాసము వ్రాయ నిచ్చితిని. ఇంటికి దెచ్చుకొని దిద్దుచుండగా నొక బాలిక వ్యాసములో నీ వాక్యములు గనబడినవి: "మా సందు చివర ఫుట్‌పాతు మీద ఒక బూడిదరంగు కారు ఎప్పుడూ ఉంటుంది. అందుకని నేనూ తమ్ముడూ రోడ్డు మీదికి దిగి నడుస్తాం. వెనక బస్సు వస్తే తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుంటాను." ఎఱ్ఱకలము చేతిలో నట్లే నిలిచిపోయినది. ఆ సందు చివర నా కాలిబాట మీద నుండునది నా కారే. వీథిలో చోటు లేని దినములలో నేను కనిపెట్టిన యుపాయ మది. రెండు చక్రములు కాలిబాటపై నెక్కించి, "దారి కడ్డము లేదు గదా!" యని సంతోషించినవాడను. ఎవరి దారికి? బండ్ల దారికి. నడచువారిది దారి యనియే నాకు దోపలేదు. ఆ బాలిక నన్ను నిందింప వ్రాయలేదు. అది నా బండి యని యామె యెఱుగదు. ఎండ, చెట్టు, టీకొట్టు మొదలగు వానితోపాటు దానిని గూడ వ్రాసినది, అంతే. వ్యాసములో తప్పొక్కటియు లేకుండెను. నేనా రాత్రి మార్కులు వేయలేకపోతిని.

నాటినుండి యీ విషయమును కొంత విచారించితిని. మొదట నా లెక్క చూచుకొంటిని. నా కారు దినమున నొకగంట నడచును, ఇరువదిమూడుగంటలు నిలుచును. అనగా నేను గొన్నది నడచు యంత్రమని పేరేగాని నిజమునకు నిలుచు యంత్రము. మన దేశపు నగరప్రణాళికలలో నొక కారు నిలుచుటకు, దానిని లోనికి దెచ్చి వెలుపలికి దీయు మేరతో గూడ, ఆరుబయట 23 చదరపు మీటర్ల చోటు లెక్కవేయుదురు. అది సుమారు 247 చదరపు టడుగులు. నా పిల్లలిద్దఱు చదువుకొని పండుకొను గది పదడుగుల వెడల్పు, పండ్రెండడుగుల పొడవు. ఆ గదికి నెలనెల నద్దె చెల్లించుచున్నాను. దానికి రెట్టింపు చోటు దిను బండికి మాత్రము పైసయు చెల్లింపను. పైగా చోటు దొరకకున్న ప్రభుత్వమును దూషింతును.

ఈ కష్టము మనకే క్రొత్తగా వచ్చినది కాదు. అమెరికాలోని ఒక్లహోమా నగరమున 1935లోనే, పనివారు తమ కార్లను దినమంతయు దుకాణముల ముందర విడిచిపోవుచుండగా, గంటకు కొంత నాణెము వేయవలెనని ప్రపంచములో మొదటి పార్కింగు మీటరు నిలిపిరి. జపానులో 1962లో చట్టము చేసి, తన బండిని వీథిలో గాక వేఱుచోట నుంచుకొందునని పోలీసువారినుండి ధ్రువపత్రము పొందినగాని కారు కొనరాదనిరి. ఆ చోటు కొనువాని నివాసమునకు 2 కిలోమీటర్లలోపల నుండవలెను. డొనాల్డ్ షూప్ అను నాచార్యుడు, 2025లో గతించినవాడు, 2005లో నొక పెద్దగ్రంథమునే వ్రాసి, ఉచితముగా దోచు చోటు నిజముగా నుచితము కాదనియు, దాని వెలను కారు లేనివాడు సైతము సరకుల ధరలలోను ఇంటియద్దెలోను చెల్లించుచున్నాడనియు వాదించెను. వీథిలోని చోటునకు వెల కట్టి, వచ్చిన ధనము నా వీథికే వెచ్చింపుమనుట యాతని యుపదేశము. మన దేశమున 2006నాటి జాతీయ నగర రవాణా విధానమును భూమి విలువైనదనియు, నిలుపు చోటునకు తగిన రుసుము గైకొనవలెననియు, రోడ్లు బండ్లకు గాక మనుష్యులకు బంచవలెననియు జెప్పినది. చెప్పినది గ్రంథములో నున్నది. వీథిలో విఱిగిన కుర్చీ యున్నది.

సంస్కృతమున వీథికి రథ్య యని యొక పేరున్నది. రథము పోవుదారి యని దాని యర్థము. పోవుటచేత నా పేరు వచ్చినదిగాని నిలుచుటచేత రాలేదు. ఇంగ్లీషులో పార్కు అను పదము మొదట కంచె వేసిన వేటవనమునకును, తరువాత నుద్యానమునకును, సైన్యమువారు ఫిరంగులును బండ్లును వరుసగా నుంచు చోటునకును జెల్లి, తుదకు కారు నిలుపుటకు వచ్చినది. మన తెలుగువారు రెండర్థములను గ్రహించితిమి. మా పేటలో పిల్లలాడుకొను పార్కు ప్రహరీ చుట్టును కార్ల పార్కింగే యున్నది; లోపలికి బోవు గేటు మాత్రము వెదకికొనవలెను.

ఇచ్చట నొక న్యాయమైన యాక్షేపణ కలదు. "ముసలివారు, రోగులు, రాత్రి పనిచేసి వచ్చు స్త్రీలు ఏమి చేయవలెను? బస్సులు చాలవు, కాలిబాటలు లేవు. కారు కొన్నవానిని దప్పుపట్టి యేమి లాభము?" అని. నిజమే. నా తండ్రి బస్సుమెట్టెక్కలేనిమాట నేనే చెప్పితిని. కారు పాపమని నే ననను. కాని నాలోనే యొక మార్పు కనిపెట్టితిని. దానిని జెప్పుటకే యీ వ్యాసము. బస్సులో దిరిగిన దినములలో బస్సు ఆలస్యమైనచో డిపోకు ఉత్తరము వ్రాసెడివాడను. స్టాపులో నీడ లేదని కార్పొరేటరు నడిగెడివాడను. కాలిబాట త్రవ్వి విడిచినచో పదిమందిని గూర్చుకొని పోయెడివాడను. కారు కొన్న తరువాత నేనట్టి యుత్తర మొక్కటియు వ్రాయలేదు. నా కిక బస్సుస్టాపు నీడతో బనిలేదు. చదువుకొన్న కుటుంబము లొక్కొక్కటియే యిట్లు బస్సునుండి దిగిపోయినవి. మాట చెల్లువారందఱు దిగిపోగా, మాట చెల్లనివారు స్టాపులో నెండకు నిలిచిరి. 2023 డిసెంబరులో తెలంగాణలో స్త్రీలకు బస్సుప్రయాణ ముచితమైనప్పుడు బస్సులు క్రిక్కిఱిసినవని పరిహసించినవారిలో ననేకులు కార్లలో గూర్చుండి పరిహసించిరి. ఇందఱు స్త్రీలకు తిరుగవలసిన పనులున్నవని, ఇన్నాళ్లు ఛార్జీకి వెఱచి యింట నిలిచిరని మాకు దోచవలదా?

మఱియొక మాట మన యిండ్లలోనిది. వరకట్నము 1961నుండి నేరము. అయినను అల్లునికి కారు "ముచ్చట" పేరిట నిచ్చుచున్నాము. అల్లు డుండునది యిఱుకు సందు. ఆ కారు నిలుచునది పరుల గుమ్మము ముందు. కూతునకు మామిడాకు తోరణముతోపాటు ఇరుగుపొరుగు కలహమునుగూడ నంపుచున్నాము. పిల్లకు చదువు చెప్పించి, ఆమె యుద్యోగమునకు నిర్భయముగా నడచిపోవు బాటను సాధించి యిచ్చిన నంతకంటె మేలైన పసుపుకుంకుమ యేది?

నా కథ ముగించెదను. ఆ వ్యాసము చదివిన మఱునా డుదయము చీకటితోనే కారును కాలిబాటపైనుండి దీసితిని. రెండు వీథుల కవతల నొకరి యింటి యావరణలో నెలకద్దె కట్టి చోటు గొంటిని. చోటునకు వెల కట్టిన తరువాత నాకు నిద్ర పట్టుచున్నది. బండి తీయుటయు తగ్గినది. రెండు వీథులు నడచి తీయుటకంటె మెట్రోస్టేషనే దగ్గఱ. మా తండ్రిగారి వైద్యశాలకు నిప్పు డాటోలో బోవుదుము. గేటుకడ నిద్దఱము దిగుదుము. పేరు పిలిచినప్పుడు వినుటకు నే నుందును.

తరగతిలో నా తప్పు నొప్పుకొంటిని. "ఆ బూడిదరంగు కారు నాది. తీసేశాను. ఇక మీరు ఫుట్‌పాతు మీద నడవవచ్చు" అని చెప్పితిని. చెప్పుచు, నిజము చెప్పవలెనన్న, కొంత గర్వించితిని. ఆ బాలిక లేచి, చేతులు కట్టుకొని, మెల్లగా ననెను: "సార్, ఇప్పుడు అక్కడ ఎర్ర కారు పెడుతున్రు సార్."

తరగతి యంతయు నవ్వెను. నేనును నవ్వితిని గాని యా మాట నన్ను విడువలేదు. ఒక్కని పశ్చాత్తాపము ఖాళీచేసిన చోటు మఱియొకనికి దొరకిన యదృష్టమగును. అంతకంటె దానివలన లోకమున కుపకారము లేదు. అందుచేత నేండ్ల తరువాత మఱల నొక యుత్తరము వ్రాసితిని. ఆ కాలిబాట యంచున బండ్లెక్కకుండ రాతిస్తంభములు పాతవలెననియు, మా వీథిలో నిలుపు చోటునకు రుసుము పెట్టి యా ధనముతో బస్సుస్టాపునకు నీడ కట్టవలెననియు నగరపాలకులను గోరితిని. సంతకములకై యింటింటికి దిరుగుచున్నాను. మొన్న నెదురింటి గుమ్మ మెక్కితిని. ఆయన చదివి, చాలసేపు కలము పట్టుకొని కూర్చుండి, "మరి నా కారెక్కడ పెట్టమంటారు మాస్టారూ?" అని యడిగెను. ఆ ప్రశ్న వేయవలసిన దినము కారు కొన్న దినమని చెప్పబోయి, నే నడుగుకొనలేదు గదా యని యూరకుంటిని. నా యద్దెచోటు ప్రక్కన నింకొక చోటున్నదని మాత్రము చెప్పితిని.

ఆయన యింకను సంతకము చేయలేదు. కాఫీ మాత్ర మిచ్చిరి. మూడేండ్ల తరువాత మాకు మఱల మాటలు కలిసినవి.